హౌజు కాడి జాగ

వినోద సీసా మూత తిప్పి, అందులో ఉన్న తిన్నరంతా మోరీలో వంచేసింది.

అత్త బాలవ్వ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎవరు వచ్చినా ఆ తిన్నరు గుడ్డతో చేతులు తుడవనిదే ఆవిడ గడప దాటనివ్వదు. కిందటేడు లాక్‌డౌన్‌లో శానిటైజరు దొరక్క, కొడుకు కమలాకర్ మిల్లు నుంచి కూల్‌డ్రింకు సీసాలో పట్టుకొచ్చినప్పుడు పట్టుకున్న అలవాటది. చీరలకు రంగులద్దే స్క్రీన్ల మీద ఎండి గట్టిపడ్డ రంగునే ఊడగొట్టే తిన్నరుకు కరోనా పురుగు ఒక లెక్కా అని ఆ గల్లీలో తెలుగువాళ్ళందరికీ గట్టి నమ్మకం. ముక్కు మండిందంటే మందు పని చేసినట్టే. తలుపు గొళ్ళెం, టమాటాలు, పాల ప్యాకెట్టు, ఆఖరికి మనవరాలు వర్షిణి అరిచేతులు కూడా దానితోనే తుడిచింది బాలవ్వ.

"ఏందే, నీకేమన్న పిచ్చి లేసిందా?" అందావిడ కోడలితో. "ఊరంత సస్తుంటే ఉన్న ఒక్క మందు మోరీల పోస్తవా?"

 కారణం చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో వినోదకే తెలియదు. ఖాళీ సీసాను కాలితో మూలకు తోసి, స్టవ్వు మీద చాయ్ దించింది.

చాయ్ రాజమౌళి కోసం. బాలవ్వకు వరసకు తమ్ముడు, సూరత్ పాండేసరాలో చీరలు అద్దే మిల్లులో స్క్రీన్లు కడిగే పనికి ఠేకేదారు. పదిమంది మన ఊళ్ళవాళ్ళను తెచ్చి ఆ పనిలో నిలబెట్టినవాడు. బమ్రోలిలో వీళ్ళున్న ఈ ఒంటిగది ఖోలీ కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. మాస్కు గడ్డం కింద, సెల్లు చెవి దగ్గర పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. ఖోలీ లోపల మంచం మీద, గోడవైపు తిరిగి, ఏప్రిల్ ఎండలో కూడా దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు కమలాకర్. పన్నెండు మూరల చీరంత కూడా లేదు ఆ ఖోలీ. ఎవరేమన్నా అందరికీ వినబడాల్సిందే.

రాజమౌళి ఫోను పెట్టేసి అసలు మాటకొచ్చాడు. కొత్తదేమీ కాదు. పొద్దున కబురంపిందే, ఇప్పుడు నోటితో చెప్పాడు. మిల్లులో స్క్రీన్లు కడిగే తొట్టిని హౌజు అంటారు. దాని దగ్గర కమలాకర్ నిలబడే జాగ ఇన్నాళ్ళు తాను ఖాళీగా ఉంచాడట. మేనేజరు ఇక ఆగనంటున్నాడట. మళ్ళీ లాక్‌డౌన్ పడుతుందన్న భయంతో సగంమంది బండెక్కి పోతుంటే, ఉన్నవాళ్ళను మిల్లు ఖోలీల్లో పెట్టి పని నడిపించుకోవాలని మిల్లు యజమాని శేఠ్ ఆర్డరు. ఒడిశా కూలీల ముఠా ఒకటి ఆ జాగ కోసం, ఈ ఖోలీ కోసం కాచుకుని ఉంది. రేపు పొద్దున షిఫ్టు గంట కొట్టేసరికి హౌజు దగ్గర ఈ ఇంటి మగమనిషి నిలబడితే ఖోలీ ఈ ఇంటిది. లేకపోతే తాళంచెవి ఇచ్చెయ్యాలి.

ఇందులో రాజమౌళి దౌర్జన్యం ఉందనుకుంటే అది తప్పు. అక్కడి పద్ధతే అది. తండ్రి జాగలో కొడుకు, బావ జాగలో బామ్మర్ది, అన్న జాగలో తమ్ముడు. బయటివాళ్ళను రానివ్వకుండా మనవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఎంతో గర్వంగా కాపాడుకుంటూ వచ్చిన పద్ధతి. మనోళ్ళ జాగ మనోళ్ళకే అని చెప్పుకుంటే ఛాతీ ఉబ్బేది.

"రేపు పరమేశ్వర్‌ను తోలియ్యక్కా," అన్నాడు రాజమౌళి. "రెండు దినాలల్ల నేర్సుకుంటడు. పని ఏమున్నది, తిన్నరు పోసుడు, రుద్దుడు."

పరమేశ్వర్ కమలాకర్ తమ్ముడు. బట్టల మార్కెట్లో పార్సిళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. మార్కెట్లు మూసేశాక ఇంట్లోనే కూర్చుని, వదిన పెట్టింది తినడానికి కూడా మొహమాటపడుతున్నాడు. రాజమౌళి మాట నోట్లో ఉండగానే సరేనన్నాడు.

వినోద గ్లాసు అందిస్తున్నదల్లా ఆగింది. చాయ్ ఆమె వేళ్ళ మీద ఒలికింది.

మొన్న పెద్ద దవాఖానలో కరోనా భయానికి రిపోర్టులు చూపించడానికి ఒక్కరినే లోపలికి రానిచ్చారు. కమలాకర్‌ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వినోదే లోపలికి వెళ్ళింది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, హిందీ, గుజరాతీ రెండూ వచ్చు. ఒళ్ళంతా ప్లాస్టిక్ కోటు వేసుకున్న డాక్టరమ్మ కాగితాలు చూసి, ముందు జబ్బు సంగతి చెప్పలేదు. ఆయన ఏం పని చేస్తాడని అడిగింది. దేనితో కడుగుతాడు, ఎన్నాళ్ళ నుంచి, చేతులకు తొడుగులు ఉంటాయా, ఆ గదికి కిటికీ ఉందా అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. తొడుగులు తిన్నరులో కరిగి సాగిపోతాయని, అందుకే వేసుకోరని, షిఫ్టు దిగేముందు మోచేతుల దాకా తిన్నరుతోనే కడుక్కుంటారని వినోద చెప్పింది.

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. రక్త క్యాన్సర్. ఆ పనివల్లే వచ్చిందని ఈ ఒక్క మనిషి విషయంలో ఒట్టేసి చెప్పలేనంది. తిన్నరు ముట్టనివాళ్ళకు కూడా వస్తుందంది. కానీ కొన్ని తిన్నర్లలో బెంజీన్ అని ఒకటి ఉంటుందట. ఏళ్ళ తరబడి దాన్ని పీల్చేవాళ్ళకు, అందులో చేతులు ముంచేవాళ్ళకు ఈ జబ్బు మిగతావాళ్ళకంటే ఎక్కువగా వస్తుందని ఎప్పుడో తేలిందట. మీ ఇంట్లో ఇంకెవరైనా ఆ పనిలో ఉంటే వెంటనే మాన్పించమంది.

ఎవరూ లేరని చెప్పింది వినోద. మొన్న అది నిజమే.

ఆటోలో కమలాకర్, డాక్టరమ్మ ఏమన్నదని అడిగితే, రక్తం తక్కువైంది, బాటిళ్ళు ఎక్కించాలంట అంది. ఇంటికొచ్చాక అత్తకూ అదే చెప్పింది. చిగుళ్ళలో రక్తం, ఒంటి మీద నల్లమచ్చలు, వదలని జ్వరం, అన్నీ రక్తం తక్కువ ఖాతాలోకే పోయాయి. కరోనా కాదు కదా, అదే పదివేలు అని బాలవ్వ దేవుడికి దండం కూడా పెట్టుకుంది. ఆ దండం చూశాక వినోదకు అసలు మాట నోట్లోంచి రాలేదు. రేపు పొద్దున వార్డులో మంచం ఇస్తామన్నారు. చేర్పించాక మెల్లగా చెప్పొచ్చులే అనుకుంది. అక్కడికి ఆ మాట దాచి మంచిపని చేశాననే అనుకుంది పిచ్చిది.

"పరమేశ్వర్ ఒద్దు మామా," అంది ఇప్పుడు.

రాజమౌళి గ్లాసు అందుకుని కోడలి మొహంలోకి చూశాడు. ఎందుకొద్దని అడగలేదు, అడిగినట్టే చూశాడు.

వాడికి ఆ పని పడదని చెప్పింది వినోద. బక్కప్రాణం, చిన్నప్పటి నుంచి దగ్గు ఉందంది. మార్కెట్లు రేపోమాపో తెరుస్తారంది. మార్కెట్టు మనిషి మిల్లులో నిలబడడంది. ఒక్కొక్క మాటకూ రాజమౌళి దగ్గర జవాబుంది. దగ్గు ఇప్పుడు ఊళ్ళో ఎవరికి లేదు? మార్కెట్టు తెరిచేనాటికి ఖోలీ ఉండొద్దా? పోనీ ఖోలీ వదిలేద్దామా అంటే, ఆ రోజుల్లో జ్వరం మనిషి ఉన్న ఇంటికి కిరాయికి గది ఇచ్చే పుణ్యాత్ముడెవడు? సూరత్‌లోనే లింబాయత్‌లో వినోద తల్లిగారిల్లుంది. వర్షిణిని అక్కడికే పంపారు. ఆమె అన్న ఆ పిల్లను లోపలికి పిలిచాడు గానీ, బావను మాత్రం ఇప్పుడే తీసుకురావొద్దని ఫోన్లోనే చెప్పేశాడు. ఊరికి పోదామంటే రైళ్ళలో కాలు పెట్టే చోటు లేదు. పోయినా కమలాకర్‌కు అక్కడ రక్తం ఎక్కించేదెవరు?

అన్నీ తెలిసినవే. తెలిసి కూడా వినోద ఒద్దు అనే అంటోంది. అలా కారణం లేకుండా ఒద్దంటుంటే వినేవాళ్ళు తమకు తోచిన కారణం వెతుక్కుంటారు కదా. బాలవ్వ వెతుక్కుంది.

"నాకు సమజైంది," అంది బాలవ్వ నెమ్మదిగా. "మొగని జాగ మర్దికి పోతదని భయం దీనికి. జాగ వాని పేరు మీదికి పోతే, ఖోలీ వానిదైతదని. రేపు వానికి పెండ్లయితే, ఇంకో కోడలొచ్చి నిన్ను ఎల్లగొడ్తదని. గంతేనా?"

 వినోదకు కాదని గట్టిగా అరవాలనిపించింది. కానీ కాదంటే, మరేమిటి అని అడుగుతారు. పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఊరుకోవడంతో అది నిజమైపోయింది.

పరమేశ్వర్ మొహం చిన్నబోయింది. లేచి బయట నల్లా దగ్గరికి పోయి నిలబడ్డాడు. బిందె తీసుకుని వినోద వెనకే వెళ్ళింది. కుళాయిలో నీళ్ళు లేవు. అయినా బిందె కింద పెట్టి తిప్పింది.

"వదినా, గా జాగ నాకెందుకు?" అన్నాడు పరమేశ్వర్, ఆమెవైపు చూడకుండా. "అన్న లేసి తిరిగే దాంక నిలవడ్త. అన్న రాంగనే పక్కకు జరుగుత. కసమ్‌సే. నా మీద నీకు గింత డౌటా?"

వాడు అలా అంటుంటే వినోదకు ఏడుపు తన్నుకొచ్చింది. తను కాపురానికి వచ్చినప్పుడు బడికి పోయేవాడు. జడకు రిబ్బను తెమ్మంటే మార్కెట్టంతా తిరిగి, ధర ఎక్కువని వట్టి చేతుల్తో వచ్చి, ఆ రాత్రి ఆ బాధకు అన్నం తినని పిచ్చివాడు. వాడి మీద అనుమానమా?

ఆ తిన్నరు ఒంటికి మంచిది కాదట, దవాఖానలో అన్నారు, అంతే చెప్పింది. వాడు తేలిగ్గా నవ్వేశాడు. మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు, కొత్తలో తల తిరుగుతుంది, తర్వాత అలవాటైపోతుందని అన్నే చెప్పాడన్నాడు. ఉత్త తల తిరగడమైతే నిన్నెందుకు ఆపుతాను అని నాలిక చివరిదాకా వచ్చింది. "అది కాదురా, మీ అన్నకు..." అని మొదలుపెట్టింది.

"వినోదా," అని లోపలి నుంచి కమలాకర్ పిలిచాడు. "జర మంచినీళ్ళు ఇయ్యి."

బిందె అక్కడే వదిలి లోపలికి వచ్చింది. కమలాకర్ లేచి కూర్చున్నాడు. నీళ్ళు తాగుతుంటే గ్లాసు అంచుకు చిగుళ్ళ రక్తం అంటింది. బొటనవేలితో తుడిచేసి గ్లాసు తిరిగి ఇచ్చాడు. గొడవ ఎందుకు పెట్టుకుంటున్నావని మెల్లగా మందలించాడు. తమ్ముడు నాలుగు రోజులు నిలబడితే ఏం కొంప మునుగుతుందన్నాడు. హౌజు పక్కన కుడిచేతివైపు నిలబడమని, ఫ్యాను అటే ఉందని, వాసన కాస్త తక్కువని తలుపువైపు తిరిగి తమ్ముడికి చెప్పాడు.

ఆ కుడిచేతివైపు మాట వినోద తట్టుకోలేకపోయింది.

ఇంతలో రాజమౌళి లేచాడు. సాయంత్రం కర్ఫ్యూ పడేలోపు ఇంకో రెండు ఖోలీలకు పోయి రావాలన్నాడు. పరమేశ్వర్‌ను పిలిచి, పొద్దున గేటు దగ్గర తనకోసం ఆగమని, పాత చెప్పులు వేసుకొమ్మని, కొత్తవైతే తిన్నరుకు అడుగు ఊడిపోతుందని చెప్పాడు. వాడు తల ఊపాడు. బాలవ్వ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అంతా అయిపోయింది. వినోద ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడింది. చెబితే మంచం మీది మనిషి ఏమైపోతాడో, చెప్పకపోతే గడపలో నిలబడ్డ కుర్రవాడు ఏమైపోతాడో. రెండూ తనవాళ్ళ ప్రాణాలే. ఏ దేవుడైనా వచ్చి ఆ మాట తన బదులు చెబితే బాగుండుననిపించింది. ఏ దేవుడూ రాలేదు.

"ఆయనకు రక్తం తక్కువ కాలేదు," అంది వినోద. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "రక్త క్యాన్సర్. గా తిన్నరుల చేతులు వెట్టేటోళ్ళకు మిగతోళ్ళకంటె ఎక్కువ వస్తదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్ల ఇంకెవలన్న ఉంటే మాన్పియ్యమన్నది. పరమేశ్వర్‌ను తోలియ్యకుండ్రి. మీ కాల్మొక్కుత, తోలియ్యకుండ్రి."

పక్క ఖోలీలో కుక్కరు కూత పెట్టింది. ఆ తర్వాత అక్కడి మాటలు కూడా ఆగిపోయాయి. గోడకు అవతలివాళ్ళు కూడా విన్నారన్నమాట.

ముందు తేరుకున్నది రాజమౌళి. అతనికి కోపం వచ్చింది, భయపడ్డవాళ్ళకు వచ్చే కోపం.

"నేను కడగలేదా?" అన్నాడు. "గీ ఠేకా రాకముందు నేనెన్నేండ్లు కడిగిన? నాకేమైంది? మార్కండేయ కడగలేదా? అంబదాస్ కడగలేదా? అందరికి రావాలె గద?"

అందరికీ రాదని డాక్టరమ్మ కూడా చెప్పిందని వినోద ఒప్పుకుంది. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేరని, ఎక్కువమందికి రాదని, కానీ వచ్చేది ఆ పనిలోవాళ్ళకే ఎక్కువని చెప్పింది.  తన నోటే వచ్చిన అంబదాస్ పేరు దగ్గర రాజమౌళికి ఏదో గుర్తుకొచ్చింది. అంబదాస్ నాలుగేళ్ళ కింద ఊరికి పోయి చనిపోయాడు. కామెర్లన్నారు. ఎవరూ పరీక్ష చేయించలేదు. రాజమౌళి మాస్కు ముక్కు మీదికి లాక్కుని, తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

వినోద భర్త మొహం చూడలేక నేలను చూస్తోంది. ఆయన ఏడుస్తాడనుకుంది. తిడతాడనుకుంది. కమలాకర్ రెండూ చెయ్యలేదు.

"మొన్ననే చెప్పిందా?" అని అడిగాడు.

"మొన్ననే."

"ఆటోల కండ్లల్ల దుమ్ము వడ్డదన్నవు."

 కమలాకర్ దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. బాలవ్వ కొడుకు దగ్గరికి పోబోయి, మధ్యలో నేల మీదే కూలబడింది. పరమేశ్వర్ గడపలోంచి కదల్లేదు.

"మామా," అన్నాడు కమలాకర్ చివరికి. "రేపు జాగల మా ఇంటి మనిషి నిలవడితే సాలు గద?"

"నిలవడాలె," అన్నాడు రాజమౌళి.

"అయితే నేనే వస్త."

వినోద తలెత్తింది. రేపు మంచం ఇస్తారని, వెళ్ళకపోతే గంటలో వేరేవాళ్ళకు ఇచ్చేస్తారని, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదని గబగబా చెప్పింది. మంచం అంటే ఇప్పుడు ప్రాణమని కూడా చెప్పింది. దాచడానికి ఇంకేం మిగిలింది కనుక.

"నాకు రావాల్సింది వచ్చింది," అన్నాడు కమలాకర్. కోపంగా అనలేదు. షిఫ్టులు సర్దుకునేటప్పుడు తోటివాళ్ళతో మాట్లాడినట్టే అన్నాడు. "ఇగ గా తిన్నరు నన్ను కొత్తగ ఏం జేస్తది? వాడు రావద్దు. వాడు దాని దిక్కు సుత రావద్దు. మార్కెట్లు తెరిచేదాంక నేను నిలవడ్త. ఖోలీ ఉంటది. తర్వాత చూసుకుందాం."

లెక్క సరిగ్గా కుదిరింది. ఎవరూ తప్పు పట్టలేని లెక్క. ఒకర్ని కాపాడాలని వినోద నోరు తెరిస్తే, ఆ మాట వెళ్ళి వెళ్ళి మంచం మీద ఉన్నవాణ్ణి లేపింది.

ఏ మేనమామ అయినా అక్కడ ఒద్దురా అనాలి. రాజమౌళి అనలేదు. అంటే పొద్దున మేనేజరుకు ఏం చెప్పాలి? "కూసుండి కడుగు. డబ్బాలు నేను ఎత్తిపిస్త," అన్నాడు. అది దయ అనే అతను అనుకున్నాడు.

"అన్న పోవద్దు," అన్నాడు పరమేశ్వర్.  "అన్నను దవాఖానకు తోల్కపోండ్రి. నేనే పోత. అందరికి రాదని వదినే అన్నది గద. నాకు రాకపోవచ్చు."

"నోరుముయ్యి," అన్నాడు కమలాకర్.

"నువ్వు ముయ్యి. మంచం వోతే మల్ల దొరుకుతదా?"

ఎప్పుడూ అన్న ముందు గొంతెత్తి ఎరగనివాడు. కమలాకర్ లేవబోయాడు. మోకాళ్ళు నిలవక మళ్ళీ కూర్చున్నాడు. నిలబడలేనివాడు రేపు హౌజు దగ్గర ఎలా నిలబడతాడని ఎవరూ అడగలేదు. కూర్చుని కడుగుతాడని ఠేకేదారు అప్పుడే చెప్పేశాడు కదా.

రాజమౌళి గడపలో చెప్పులు వెతుక్కున్నాడు. అక్కా, పొద్దుగాల ఎవల్ని తోలిస్తవో చెప్పు, గేటు కాడ పేరు చెప్పాలె అని అడిగాడు. ఆ ఇంట్లో చివరి మాట ఎప్పుడూ బాలవ్వదే. పెళ్ళైన నాటి నుంచి వినోద ఆ మాటకు భయపడుతూనే ఉంది. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ తల్లివైపు చూశారు.

బాలవ్వ కొడుకులను చూడలేదు. నేల మీద నుంచే తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. కోపం ఉన్నా వినోద ఓర్చుకునేది.

"దాసిపెట్టింది నువ్వు. బయటవెట్టింది నువ్వు," అంది బాలవ్వ. "నాకు ఇద్దరు కడుపుల పుట్టినోళ్ళే. నా నోటితోని నేను చెప్పలేను. నువ్వే చెప్పు బిడ్డా, రేపు ఏ కొడుకును తోలియ్యాలె?"

రాజమౌళి ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగాడు. అందరూ వినోదవైపే చూస్తున్నారు.